"మనల్ని లోపటికి రానిస్తరా బిడ్డా?"

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్ పిల్లలను విహారయాత్రకు నగరానికి తీసుకువెళ్లారు. ఒకచోట బొమ్మల ప్రదర్శన జరుగుతుంటే వార్డెన్ మేడమ్ బస్సు ఆపించారు. గేటు దగ్గరి కాపలా మనిషి మా హవాయి చెప్పులను, హాస్టల్లో ఇచ్చిన ఒకే రంగు బట్టలను చూసి, "ఇవి మీకు అర్థం కావు, జూపార్కుకు పొండి" అన్నాడు. మేము జూకు వెళ్లాం, పులిని చూశాం, నవ్వుకున్నాం. కానీ ఆ మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. వచ్చే నెలలో ఒక మంగళవారం ఢిల్లీలో పీహెచ్.డీ. ఇంటర్వ్యూ ఉంది. నేను మాత్రం ఆదివారం పొద్దున్నే దిగేటట్లు రామగుండంలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలనుకుంటున్నాను. ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో 1954లో ప్రారంభమైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉంది. దానికి సోమవారం సెలవు. అందుకే ఈ తొందర.

"రెండు రోజులు ముందుగాల పోవుడెందుకే? గది కిరాయి దండుగ కాదా?" అంది అమ్మ. ఆ మాటా నిజమే. నోటుబుక్కు చివరి పేజీలో రైలు చార్జీలు, గది అద్దె, తిండి అన్నీ వేసి రెండుసార్లు కూడాను. గ్యాలరీ టిక్కెట్టుదే అందులో అన్నిటికన్నా చిన్న అంకె. నా స్కాలర్‌షిప్పులో మిగిల్చుకున్న డబ్బు ఇద్దరికి సరిపోతుంది. ఆ రెండో మనిషి మా బాపు.

బాపు తాపీ మేస్త్రి. ఆయనకు నేను రామ్‌కింకర్ బైజ్ గురించి చెప్పాను. 1906లో బెంగాల్‌లోని బాంకురాలో, క్షౌరవృత్తి చేసే పేద కుటుంబంలో పుట్టాడాయన. శాంతినికేతన్‌లో చదువుకుని, అక్కడే గురువయ్యాడు. 1938లో అక్కడ ఆరుబయట ఒక సంతాల్ కుటుంబం విగ్రహం చేశాడు. కావడి మోస్తున్న తండ్రి, నెత్తిన బుట్టతో తల్లి, పిల్లలు, వెంట ఒక కుక్క. రాజులు లేరు, దేవుళ్లు లేరు. పాలరాయి కాదు, కంచు కాదు, సిమెంటు కాంక్రీటుతో చేశాడు.

బాపు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. "సిమెంటుతోనా? కంకర ఏం సైజు వాడిండట?" అని అడిగాడు. నేను చదివిన ఏ పుస్తకమూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. కాసేపాగి మెల్లగా అన్నాడు: "మనల్ని లోపటికి రానిస్తరా బిడ్డా?"

పదేళ్ల కిందటి గేటు మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. అది ప్రజల డబ్బుతో నడిచే గ్యాలరీ. మన మెస్సులోని బియ్యమూ, ఆ గోడల మీది బొమ్మలూ ఒకే ఖజానావి. నువ్వు సిమెంటు బస్తా కొన్న ప్రతిసారీ కట్టిన పన్ను కూడా అందులో ఉంది బాపూ అని చెప్పాను.

మా పథకం ఇది. ముందుగా పార్లమెంటు వీధిలో రిజర్వ్ బ్యాంకు ముందున్న యక్షుడు, యక్షిణి విగ్రహాలు చూస్తాం. అవీ రామ్‌కింకర్ చేసినవే. వాటికి టిక్కెట్టు లేదు, కాపలా మనిషిని అడగనక్కరలేదు. అక్కడ బాపుకు కొంచెం ధైర్యం వస్తుంది. ఆ తర్వాత జైపూర్ హౌస్. పెద్ద గ్యాలరీల్లో బొమ్మలన్నీ ఒకేసారి పెట్టరు కాబట్టి, రామ్‌కింకర్‌వి, అమృతా షేర్‌గిల్‌వి ఏవి కనబడితే అవే చూస్తాం. అర్థం కానిదాని ముందు కూడా కొంతసేపు నిలబడాలని అనుకున్నాం.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. పెద్ద భవనాల గేట్లు దాటడం ఎవరూ నేర్పరని నాకు తెలుసు. మీలో ఎవరైనా అటు వెళితే సోమవారం వెళ్లకండి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. హవాయి చెప్పులే ఉంటే వాటితోనే వెళ్లండి.

ఇంటర్వ్యూ ఏమవుతుందో తెలియదు. బాపు మాత్రం అప్పుడే తెల్ల చొక్కా ఉతికి ఆరేశాడు.