హింగణే ఆశ్రమ దర్శనము

పూనా నగరమునకు బోవు మన తెలుగువారు సాధారణముగా శనివారవాడను, పార్వతీకొండను చూచి, చీరలు కొని మరలి వత్తురు. ఆ నగరమునకు నైరృతి దిక్కున, ముఠానది కావలి గట్టున, పూర్వము హింగణే యను పల్లె యొకటి యుండెను. ఇప్పుడది నగరములో గలిసిపోయి కర్వేనగరమని పిలువబడుచున్నది. సోదరీమణులలో నెవరికైనను పూనా పోవు నవకాశము కలిగినచో, ఆ చోటును దప్పక చూడవలెనని నా ప్రార్థనము.

మా వదినగారి కుమారుడు అక్కడి యొక కళాశాలలో జేరవలసి యుండుటచే, వారిద్దరితో మావారును నేనును బయలుదేరితిమి. వదినగారు నాలుగేండ్ల క్రిందట భర్తను గోల్పోయిరి. పట్టపరీక్షకు జదువుచు, మొదటి సంవత్సరము ముగియగానే వివాహమై చదువు మానివేసిన వారు. కుమారుడు వసతిగృహమున నుండబోవుచున్నాడు గనుక, తామును తిరిగి చదువవలెనని వారి కోరిక. కాని బంధువు లొక్కరును దానికి మెచ్చలేదు. “కొడుకు కళాశాలకు బోవు నీడున తల్లికి పుస్తకము లెందుకు? ఆ రూకలు వాని చదువునకే యుపయోగించవచ్చును గదా!” యనిరి. వచ్చునది చిన్న కుటుంబ పింఛను. కావున ఆ మాట వదినగారి మనస్సున ముల్లువలె నాటుకొని యుండెను.

సికిందరాబాదున రైలెక్కి, వాడి, గుల్బర్గా, షోలాపురము, దౌండు మీదుగా పూనా చేరితిమి. కళాశాల పని యొక పూటలో ముగిసెను. మఱునాటి యుదయమున ముందుగా ఫెర్గుసన్ కళాశాలను జూచితిమి. 1885లో స్థాపింపబడిన యీ విద్యాలయమున ధోండో కేశవ కర్వే మహాశయుడు 1891 మొదలుకొని 1914 వఱకు గణితము బోధించెను. ఆయన 1893లో గోదూబాయి యను వితంతువును వివాహమాడెను. మన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881లోనే మొదటి వితంతు వివాహమును జరిపించి యుండుట మన కెల్లరకు దెలిసినదే. 1896లో కర్వేగారు వితంతువుల కొఱకు ఆశ్రమమును నెలకొల్పిరి. ఒక దాత హింగణేలో 6 ఎకరముల నేల యొసగగా, 1900లో నక్కడ నొక కుటీరము లేచెను. పగలెల్ల కళాశాలలో బోధించి, సాయంకాలమున సుమారు 4 మైళ్లు బురదదారిని నడచి, ఆయన యా కుటీరమునకు బోవుచుండెడివారట. మేమా దూరమును ఆటోలో నించుక సేపటిలో గడచితిమి. దారి పొడుగునను అంగళ్లు, మేడలు. బురద యన్నది మచ్చునకైన లేదు.

ఆశ్రమ ప్రాంగణమున నేడు బాలికల పాఠశాలలును, 1991లో నేర్పడిన స్త్రీల యింజనీరింగు కళాశాలయు నున్నవి. పుస్తకముల సంచులు తగిలించుకొని గుంపులు గుంపులుగా బోవు కన్యల నడుమ, ఆ పాత కుటీరమును భద్రముగా నిలిపియుంచిరి. దాని ముందు నిలిచి, మావారు మాకు పార్వతీబాయి అథావలే వృత్తాంతమును జెప్పిరి.

పార్వతీబాయి గోదూబాయికి తోబుట్టువు. 1870లో కొంకణ దేశమున జనించి, ఇరువదియవ యేట భర్తను గోల్పోయి, కుమారునితో పుట్టినింట నుండెను. కుమారుని చదువు నిమిత్తము పూనాకు వచ్చిన యామె, ఇంచుమించు ఇరువది యాఱేండ్ల వయస్సున తానును చదువ నారంభించెను. పిదప ఆశ్రమమునకు పరిపాలకురాలై, ఊరూర దిరిగి యుపన్యసించి, విరాళములు గూర్చెను. ఆంగ్లము నేర్వవలెనన్న తలంపు విడువక, 1918లో, నలువది యెనిమిదవ యేట, ఒంటిగా అమెరికాకు బోయి, పరుల యిండ్ల బనిచేసి పొట్టపోసికొనుచు ఆ భాషను నేర్చెను. తన కథను తానే మరాఠీలో వ్రాసికొనెను.

వదినగారు చాలసేపు పలుకలేదు. పిమ్మట, “తమ్ముడూ, ఆమె చదివినందున కుమారుని చదువు కేమైన లోపము గలిగెనా?” యని యడిగిరి.

“లోపమెట్లు కలుగును, అక్కయ్యా? ఆమె చదువు వలన ఎందఱి బిడ్డలకో చదువు వచ్చినది,” అని మావారు బదులు చెప్పిరి.

నా మట్టుకు, ఈ యాత్రలో నెఱిగిన ముఖ్యవిషయ మిదియే. విద్య యనునది పాత్రలోని నెయ్యి వంటిది కాదు, ఒకరికి వడ్డించినచో మఱియొకరికి తఱుగుటకు. రూకలు తఱుగును, నిజమే. పొద్దునను సాయంకాలమునను పనివేళలు తఱుగును. ఆ తఱుగును ఇల్లంతయు గలిసి పంచుకొన్నచో భారము కాదు. నేడు మన వారికి కుటీరమునకై నడువవలసిన యవసరమును లేదు. దేశమున మొట్టమొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన హైదరాబాదుననే వెలసినది. 1991 నుండి అంబేద్కరు మహాశయుని పేర బరగుచున్నది. ఇంటి పనులు చేసికొనుచునే పట్టపరీక్షకు జదువ వీలున్నది.

మేము తిరుగు ప్రయాణమున రైలెక్కునపుడు, మేనల్లుడు కిటికీ కడ నిలిచి, “అమ్మా, నా రుసుము రసీదు నీ యొద్దనే యున్నది. నీది కట్టిన పిమ్మట ఆ రసీదు నాకు బంపుము. దానిని నేను దాచెదను,” అనెను. వదినగారు కొంగుతో కన్నులొత్తుకొని, “అట్లే నాయనా,” యనిరి.

ఆ రసీదు పూనా చేరి యేడాది యగుచున్నది. వదినగారు ఆదివారములందు బస్సెక్కి అధ్యయన కేంద్రమునకు బోవుచున్నారు. తొలుత నవ్విన పొరుగింటి వారు ఇప్పుడు వారి పాలగిన్నె నందుకొని దాచుచున్నారు. వారి వంటయింటి గోడమీది పంచాంగమున రెండు పరీక్షల తేదీలు గుర్తులు పెట్టబడి యున్నవి: కుమారునిది నీలి సిరాతో, తల్లిది ఎఱ్ఱ సిరాతో.