మూడో అంతస్తు స్తంభం

మా మేడ సంఘానికి నేను కార్యదర్శిని. జీతం లేదు గాని, నోటీసు బోర్డు తాళంచెవి నా దగ్గరే వుంటుంది.

మొన్న మాఘమాసం వెళ్లకుండానే నీళ్ల ట్యాంకర్లకు డబ్బు పోయవలసి వచ్చింది. ఏ ఇంట్లో ఎంత వాడుతున్నారో బోర్డు మీద పెట్టమన్నారు. ఆరిళ్లకూ మీటర్లున్నాయి. వట్టి అంకెలు అంటిస్తే ఎవరు చదువుతారు? బొమ్మ కావాలనిపించింది నాకు.

మా అబ్బాయి నేర్పిన కాస్త పైథాన్ వుంది. అందులో ఎక్సెల్ ఫైళ్లు తయారుచేసే ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్’ అని ఒక లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలు కావు లెండి, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. ‘యాడ్ చార్ట్’ అంటే చార్టు పుడుతుంది. ‘యాడ్ సిరీస్’ అని, పేర్లు ఏ గళ్లలో వున్నాయో, అంకెలు ఏ గళ్లలో వున్నాయో చెప్పాలి. ‘ఇన్సర్ట్ చార్ట్’ అని ఫలానా గడి దగ్గర పెట్టమనాలి. ఇరవై వరుసలు దాటలేదు. ఫైలు తెరిస్తే ఆరు రంగు స్తంభాలు!

అందరివీ నెలకు 19, 20 వేల లీటర్లు. మూడో అంతస్తు పంతులమ్మగారిది 21. మురిసిపోయి అంటించేశాను.

సాయంత్రానికి మెట్ల మీద గుసగుసలు. ఆవిడ వాడకం పక్కింటికి మూడింతలట! మంచం పట్టిన తల్లిగారి దుప్పట్లు ఆవిడ రోజూ ఉతుకుతారని తెలియనివారు మా మేడలో లేరు.

“దుప్పట్లు మూటగట్టి లాండ్రీకి పంపుతున్నారావిడ, చూశారా?” అంది మా ఆవిడ రెండో రోజున.

ఆ రాత్రి బొమ్మను నిదానంగా చూశాను. ఎడమవైపు నిలువు గీత సున్న దగ్గర మొదలవలేదు, 18 దగ్గర మొదలయింది! నిజానికి ఈ లైబ్రరీ బొమ్మ గీయదు. ఏ రకం చార్టు, ఏ గళ్ల అంకెలు అన్న సూచనలే ఫైల్లో రాస్తుంది. గీసేది ఎక్సెల్, మనం ఫైలు తెరిచినప్పుడు. అంకెలు దగ్గర దగ్గరగా వుండి, మనమేమీ చెప్పకపోతే, తేడా కనపడేలా అది స్తంభాల అడుగు కోసేస్తుంది. 19లో మిగిలింది 1, 21లో 3. మూడింతలు కాక ఏమవుతుంది?

‘సెట్ వై యాక్సిస్’ అని, కనిష్ఠం సున్న అని ఒక్క వరుస చేర్చాను. ఆరు స్తంభాలూ అన్నదమ్ముల్లా నిలబడ్డాయి.

తెల్లవారగానే రెండు కాగితాలూ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. కాళ్లు బరువెక్కటానికి మెట్లొక్కటే కారణం కాదు.

“అయితే నా నీళ్లు తగ్గలేదన్నమాట,” అన్నారావిడ కళ్లజోడు సవరించుకుని.

“లేదండీ, అవే 21. తప్పు నాది.”

కొత్త కాగితం నా చేతికిచ్చి, పాతది తన దగ్గరే వుంచుకున్నారు.

“ఇది పారేయకండి. రేపు ఎనిమిదో తరగతికి గ్రాఫులు మొదలుపెడుతున్నాను.”