సంబంధం అన్న గడి

నాన్న పెద్దకర్మ భోజనాలు అయ్యాక ఆవిడ బీరువాలోంచి ఒక తెల్ల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. బడిపంతులు రాత, గుండ్రటి అక్షరాలు. పక్షవాతం రాకముందే రాశాడు. తన తదనంతరం ఇల్లు ఆవిడకట. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు.

ఆ ఇల్లు మా అమ్మది. పసుపు కుంకుమల కింద వచ్చిన అరెకరం అమ్మి, తన పేరు మీద కొనుక్కుంది. 2011లో వీలునామా లేకుండానే పోయింది. మూడేళ్లకి నాన్న ఆవిడని తెచ్చుకున్నాడు. తాళి కట్టలేదు. అమ్మ ముగ్గేసే వాకిట్లో ఆవిడ ముగ్గు చూడలేక రెండేళ్లు పుట్టింటి గడప తొక్కలేదు నేను. తర్వాత నాన్న మంచాన పడ్డాడు. నాలుగేళ్లు ఎత్తింది, కడిగింది, తినిపించింది ఆవిడే. నేను నెలకోసారి పళ్లు పట్టుకెళ్లేదాన్ని.

"రిజిస్టరు కాలేదు, చెల్లదు. చింపెయ్" అన్నాడు అన్నయ్య. నేనూ అలాగే అనుకున్నాను. వీలునామాకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు, సంతకం, ఇద్దరు సాక్షులు చాలన్నాడు వకీలు. కాకపోతే నాన్న తనది కానిది రాయలేడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ ఆస్తి ఆమె పోయిన రోజే మా ఇద్దరికీ నాన్నకీ సమానంగా వచ్చేసింది. ఆయన ఇవ్వగలిగింది తన మూడో వంతే. ఆ కాగితమే లేకపోతే ఆ వంతూ మాదే. భార్య కాదు కాబట్టి ఆవిడకి చిల్లిగవ్వ రాదు. నాన్న పింఛను ఎలాగూ ఆయనతోనే ఆగిపోయింది.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం విచారణకి వీఆర్వో వచ్చాడు. దరఖాస్తులో 'మృతునితో సంబంధం' అని ఒక గడి. కుమారుడు, కుమార్తె అని రాసుకున్నాడు. ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. "ఈవిడెవరు?" అని అడిగాడు.

"పనామె" అన్నాడు అన్నయ్య.

నేను కాదనలేదు. ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అంత నొప్పి నాకు నాన్న శవం దగ్గర కూడా కలగలేదు.

వీలునామా దొంగదని అన్నయ్య దావా వేశాడు. రాత ఎవరిదని కోర్టులో నన్నడిగారు. "మా నాన్నగారిదే" అన్నాను. అప్పటినుంచి అన్నయ్య నాతో మాట్లాడడు. రెండేళ్లు వాయిదాలు తిరిగి, తీర్పు దాకా పోకుండా రాజీ పడ్డాం. పెరటివైపు రెండు గదులు, బావి ఆవిడ వంతుకి వచ్చాయి.

పంపకాల దస్తావేజు రాయించేటప్పుడు లేఖరి ఒక్కొక్కరి పేరూ, తండ్రి లేక భర్త పేరూ అడుగుతున్నాడు. ఆవిడ దగ్గర కలం ఆగింది. ఆవిడ నావైపు చూసింది. "పిన్నీ, మీ ఇష్టం" అన్నాను. అలా పిలవడం అదే మొదటిసారి.

కాసేపాగి వాళ్ల నాన్న పేరు చెప్పింది.