రాయవేలూరు కోటలో రెండు గంటలు

మా చిత్తూరోళ్లకి రాయవేలూరు అంటే ఆస్పత్రే. నాకూ ఇన్నేళ్లు అంతే. మొన్న అమ్మ బయాప్సీ రిపోర్టు మధ్యాహ్నం రెండింటికి అన్నారు. అప్పటికి టైం పదే. "ఈడ కూసుంటే పిచ్చెక్కుతాది, యాడికన్నా పోదాం పారా" అంది అమ్మ. ఆటో ఎక్కి కోటకి పోయినాం.

చుట్టూ నీళ్లున్న కందకం. దాని వెనక రెండు వరసల రాతి గోడలు, బయటిది పొట్టి, లోపలిది ఎత్తు. లోపలికి దారి ఒక్కటే, అదీ మలుపులు తిరుగుతూ. ఫైర్‌వాల్ అంటే ఇదేనమ్మా అన్నాను. పట్టించుకోలేదు.

16వ శతాబ్దంలో విజయనగర సామంతుడు చిన్న బొమ్మినాయకుడు కట్టించిన కోట ఇది. పెనుకొండ, చంద్రగిరి తర్వాత రాయల రాజధాని ఇక్కడికొచ్చింది. అంటే చంద్రగిరి రాజమహల్ చూసినోళ్లకి ఇది సీక్వెల్. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడిందీ ఇక్కడే, 1857 కంటే 51 ఏళ్ల ముందు. లోపల మసీదు, 1846 నాటి చర్చి కూడా ఉన్నాయి.

మేం ఎక్కువసేపు ఉన్నది జలకంఠేశ్వరుడి గుళ్లో. గోపురం దాటగానే ఎడమపక్క కల్యాణ మండపం. వెనక కాళ్ల మీద లేచిన గుర్రాలు, వాటి మీద రౌతులు, పక్కనే యాళులు, అంతా స్తంభంలోంచే చెక్కినవి. గుర్రం నోటి కళ్లెం కూడా వదల్లేదు శిల్పి. ఇంకోచోట ఎద్దుకీ ఏనుగుకీ కలిపి ఒకటే తల. అమ్మ అరచేత్తో సగం మూసి "ఏనుగు" అంది. చెయ్యి అటు జరిపితే ఎద్దు. చిన్నపిల్లలా నాలుగుసార్లు చేసింది.

ఇంత గుడిలో శతాబ్దాల పాటు పూజల్లేవు. కోట సైన్యాల చేతుల్లో పడ్డాక ఇది ఆయుధాల గోడౌన్ అయింది. 1981లో సత్తువాచ్చారి నుంచి లింగాన్ని తెచ్చి మళ్లీ ప్రతిష్ఠించారు. ఫోన్లో చదివి చెప్తే అమ్మ వేళ్లు లెక్కపెట్టుకుంది. "అప్పుడు నేను మూడో క్లాసురా. అందాకా ఈ గుర్రాలే కాపలానా?"

పన్నెండున్నరకి లేచినాం. పోయేముందు ఆ ఎద్దు-ఏనుగు పక్కన నిలబడి ఫోటో తీయమంది. రిపోర్టు మాట ఇద్దరం ఎత్తలేదు. బయట ఆటోవాడు ఎక్కడికని తమిళంలో అడిగితే, ఆస్పత్రికని అమ్మే చెప్పింది.