మట్టి ఎద్దుల క్లాసు

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే కర్నూలు, ఎమ్మిగనూరు దాటి తెల్లారేసరికి ఆదోని. బండరాళ్ళు పేర్చినట్టుండే కొండలు, పత్తి మిల్లులు కనిపిస్తే దిగాల్సిన చోటు వచ్చినట్టే. అక్కడి నుంచి కోసిగి వైపు ఆటోలో వెళ్తే మా చిన్నమ్మ ఊరు. అక్కడి చిన్న బళ్ళో ఆమె టీచరు. జూన్‌లో ఒక శనివారం పొద్దున ల్యాప్‌టాప్ బ్యాగుతో సహా ఆ బళ్ళోనే దిగాను.

మర్నాడు జ్యేష్ఠ అమావాస్య. ఈ పక్క మన్నెత్తుల అమావాస్య అంటారు. కన్నడలో మణ్ణు అంటే మట్టి, ఎత్తు అంటే ఎద్దు. సరిహద్దు ఊళ్ళు కదా, పండగ పేరు కూడా అటు నుంచి ఇటు వచ్చేసింది. సేద్యం మొదలయ్యే వేళ మట్టి ఎద్దుల జత చేసి, ముందర మేత తొట్టి పెట్టి ఇంట్లో పూజ చేస్తారు. ఆదోని బజారులో కొనుక్కోవచ్చు. చిన్నమ్మ మాత్రం పిల్లలతోనే చేయిస్తుంది. బళ్ళు తెరిచిన మొదటి రోజుల్లో ఆమె పెట్టే డ్రాయింగ్ క్లాసు ఇదే.

ముందురోజే చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, తడి గోనెపట్ట కప్పి ఉంచారు. ఒకడు చేలోంచి నల్లరేగడి తెస్తే చిన్నమ్మ పక్కన పెట్టించింది. ఆరితే అది చేను పగిలినట్టే పగులుతుందట.

తలా జామకాయంత ముద్ద. మొదట మేత తొట్టి. ముద్ద మధ్యలో బొటనవేలు గుచ్చి, తిప్పుతూ గోడ నొక్కుతూ పోతే గిన్నె అయిపోతుంది. ఆరేళ్ళ పిల్లలకి అది అయిదు నిమిషాల పని. ఎద్దు దగ్గరే అసలు కథ.

నేను అలవాటు ప్రకారం కాళ్ళు విడిగా, ఒళ్ళు విడిగా, తల విడిగా చేసి చివర్లో అతికించాను. మాడ్యూల్స్ అన్నీ బాగానే ఉన్నాయి, ఇంటిగ్రేషన్‌లో నాలుగు కాళ్ళూ ఊడాయి.

"నీళ్ళు శానా పెట్నావు సార్. కాళ్ళు అతికించగూడదు, లాగల్ల" అంది పక్కనున్న పాప. మూడో తరగతి. తన ముద్దలోంచి నాలుగు మూలలూ పొట్టిగా, లావుగా లాగి నిలబెట్టింది. మూపురం కూడా నొక్కి పైకి లేపిందే. కొమ్ములొక్కటే విడిగా చేసింది. అతికే చోట రెండు పక్కలా చీపురుపుల్లతో గీతలు గీసి, పలచటి బురద రాసి నొక్కింది. కళ్ళకి జొన్న గింజలు. యూట్యూబ్‌లో ఇదే సంగతి ఇరవై నిమిషాలు చెప్తారు.

చేసినవన్నీ వరండా నీడలో పెట్టారు. ఎండలో పెడితే పైభాగం ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపల తడి ఉండిపోతుంది, పగుళ్ళిస్తుంది. వీటిని కాల్చరు కాబట్టి విరిగినా బాధ లేదు. నానబెడితే మళ్ళీ మట్టే. నా ఎద్దు ఆ బకెట్లోకే పోయింది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు చిన్నమ్మ ఆ పాప సంగతి చెప్పింది. వాళ్ళమ్మానాన్నలు గుంటూరు వైపు మిరప కోతలకి పోతూ పిల్లని కూడా తీసుకెళ్ళారు. ఇక్కడ దాన్ని సుగ్గికి పోవడం అంటారు. నెలల తరబడి బడి లేదు. రెండో తరగతిలో చదివిన వాక్యాలు ఇప్పుడు కూడబలుక్కోవాల్సి వస్తోంది. అలాంటి పిల్లలు గదిలో ఇంకా అయిదుగురున్నారు.

"మొదటి రోజే పుస్తకం తెరిస్తే నాకు రాదని తెలిసిపోతుంది కదరా. రెండో రోజు రారు. మట్టిలో ఎవరూ వెనకబడలేదు" అంది చిన్నమ్మ, మజ్జిగ పోస్తూ. నాకు ఎద్దు చేయడం రాలేదని గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను.

సాయంత్రం ఎవరి జత వాళ్ళు పళ్ళెంలో పెట్టుకుని ఇంటికి బయల్దేరారు. ఆ పాప చేసిన జతలో ఒకటి కొంచెం ఎత్తు తక్కువ. అడిగితే, కుడిపక్క కట్టేది అట్లే ఉంటాదని చెప్పింది. నిజమో, అప్పటికప్పుడు అల్లిందో!

దసరా సెలవులయ్యాక చిన్నమ్మకి ఫోన్ చేశాను. వీధిలో అప్పుడే కొన్ని ఇళ్ళకి తాళాలు పడ్డాయట. ఆ పాప వస్తోందా అని అడిగాను. వస్తోందట. ఈసారి అవ్వ దగ్గర వదిలి వెళ్తామని వాళ్ళ నాన్న అన్నాడట. మిరప కోతలు ఇంకా మొదలు కాలేదు.