వయసు పిల్లకి నొప్పులేంది?

పొద్దున మెలకువ రాగానే నేను లేవను. ముందు దుప్పటి కిందే కుడిచేతి వేళ్ళు మడిచి చూసుకుంటాను. గుప్పిట పూర్తిగా మూసుకుంటే ఆ రోజు పనులన్నీ అనుకున్నట్టు జరుగుతాయి. సగంలో ఆగిపోతే ఆ రోజు జడ వేసుకోవడం దగ్గర్నుంచి అన్నీ లెక్క వేసుకుని చెయ్యాలి. ఇరవై ఏళ్ళుగా ఇదే నా దినచర్య. ఈ మాట ఇంత మామూలుగా చెప్పగలగడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది.

మాది పెద్దదోర్నాల. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు అందరూ ఆగి టీ తాగే ఊరు. నల్లమల మా వెనక గోడలా ఉంటుంది. రాత్రిపూట అడవి గేటు మూసేస్తే ఆగిపోయిన లారీల వాళ్ళూ, శివరాత్రికి నడిచి వెళ్ళే భక్తులూ మా నాన్న టీ హోటలుకి గిరాకీ. హోటలు నాన్నది అనేవాళ్ళు. పప్పు నానబోసేది, పిండి రుబ్బేది, గిన్నెలు తోమేది, బిందెలతో నీళ్ళు మోసేది అమ్మ. ఈ వివరం ఎందుకు చెప్తున్నానో చివర్లో తెలుస్తుంది. నాకే చాలా ఆలస్యంగా తెలిసింది.

2006లో నాకు పంతొమ్మిదేళ్ళు. మార్కాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. అప్పుడు ఆంధ్రప్రదేశ్ అంతా చికున్‌గున్యా. 2005 చివర్లో మొదలై మరుసటి ఏడాదికల్లా ఊళ్ళకి ఊళ్ళని మంచాన పడేసింది. ఆ పేరుకి టాంజానియా వైపు మకొండే భాషలో 'వంకర తిరిగిపోవడం' అని అర్థమట. మా వీధిలో నిజంగానే అందరూ వంగి, గోడలు పట్టుకుని నడిచారు. నాకూ జ్వరం వచ్చింది, వేళ్ళూ మణికట్లూ మోకాళ్ళూ పట్టేశాయి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనూ ఆశ్చర్యపోలేదు.

మూడు నెలలకి వీధి లేచి నడిచింది. నేను లేవలేదు.

అక్కడ్నించి మొదలైంది నా కథ. పొద్దున వేళ్ళు కొయ్యబారి ఉండేవి. పది దాటాక కాస్త వదిలేవి. సాయంత్రానికి ఒంట్లో రక్తమంతా తోడేసినట్టు నీరసం. నోట్లో పుండ్లు వచ్చి పోతుండేవి. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. బస్టాండు నుంచి కాలేజీ దాకా ఎండలో నడిస్తే బుగ్గలు ఎర్రగా కంది రోజుల తరబడి అట్లానే ఉండేవి. అప్పుడప్పుడూ కారణం లేకుండా సన్నజ్వరం.

ప్రతి దానికీ మా వాళ్ళ దగ్గర ఒక సమాధానం ఉండేది. నోటిపుండ్లు - వేడి చేసింది, మజ్జిగ తాగు. జుట్టు - నీళ్ళు పడలేదు. బుగ్గలు - ఎండ, గొడుగేసుకో. నీరసం - బద్ధకం, పుస్తకం పట్టుకుని పడుకుంటే అంతే. కీళ్ళు - గున్యా నొప్పులు, ఏడాది ఉంటాయి. ఆ సమాధానాలన్నీ ప్రేమతో చెప్పినవే. కానీ అన్నీ ఒకే మనిషివని, ఒకే ఒంట్లో ఒకేసారి జరుగుతున్నాయని ఎవరికీ తోచలేదు. డాక్టర్లకీ తోచలేదు. చర్మానికి ఒకరు, ఎముకలకి ఒకరు, జ్వరానికి ఒకరు. నన్ను ముక్కలు ముక్కలుగా చూశారు.

ఏడాది గడిచాక ఇంకో సమాధానం వచ్చింది. ఫ్లోరైడ్. మా ప్రాంతంలో అది తీసిపారెయ్యగల మాట కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొదటిసారి వైద్య పత్రికలో రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న మా పొదిలి, దర్శి వైపు పల్లెల మనుషుల్ని చూసే. బోరు నీళ్ళు తాగి తాగి నడుము బిగుసుకుపోయిన ముసలివాళ్ళనీ, పచ్చగా గారపట్టిన పళ్ళ పిల్లల్నీ చూస్తూనే పెరిగాం మేము. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని బళ్ళో చెప్పారు. తిండి చాలని వాళ్ళని, సున్నం తక్కువైన ఒళ్ళని అది ఇంకా తొందరగా పడగొడుతుంది. అంటే కాన్పుల మీద కాన్పులై చివర తినే ఆడవాళ్ళని. నాన్న అప్పు చేసి నాకోసం శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ నీళ్ళు నేనొక్కదాన్నే తాగేదాన్ని. అమ్మ తాగేది కాదు. "నాకెందుకులే" అనేది.

ఎక్స్‌రే తీశారు. ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. రక్తంలో కీళ్ళవాతం పరీక్ష చేశారు, నెగెటివ్. ఆ కాగితం టేబుల్ మీద పెట్టి డాక్టరు నన్ను కాదు, నాన్నని చూసి అన్నాడు, "ఏమీ లేదు. వయసు పిల్లకి నొప్పులేంటి? పెళ్ళి చెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి."

కీళ్ళవాతం ఉన్న నూరుమందిలో ఇరవై, ముప్పై మందికి ఆ పరీక్ష నెగెటివే వస్తుందని, కీళ్ళనొప్పులు తెచ్చే జబ్బులు ఇంకా చాలా ఉన్నాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం ఆ కాగితం నాకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. 'ఏమీ లేదు' అన్న రెండు మాటలు ఇంటికొచ్చేసరికి 'దానికేమీ లేదు' అయ్యాయి. ఇంకో నెలకి 'అది నాటకం' అయ్యాయి. మేనత్త మొహం మీదే అనేసింది, "పనంటే నొప్పులు, సినిమా అంటే ఏమీ ఉండవు." నిజమే, సాయంత్రాలు కాస్త బాగుండేది. నొప్పికి వేళలుంటాయని అత్తకి తెలియదు. నాకూ తెలియదు. అందుకే నా మీద నాకే అనుమానం వచ్చింది. పొద్దున నిజంగానే నొప్పి ఉందా, నేను కల్పించుకుంటున్నానా అని కళ్ళు మూసుకుని వెతుక్కునేదాన్ని. మిగతావన్నీ మర్చిపోయాను కానీ ఆ వెతుకులాట మర్చిపోలేను. నొప్పి కన్నా ఆ అనుమానమే నన్ను ఎక్కువ తినేసింది.

పెళ్ళిచూపులు రెండు జరిగాయి. మొదటిదానికి కాఫీ ట్రే పట్టుకోలేనని చెల్లెలి చేత పట్టించారు. "చెయ్యి బెణికింది" అని అమ్మ అబద్ధమాడింది. రెండోసారి ఆ అబ్బాయి నాతో విడిగా మాట్లాడాలన్నప్పుడు నేనే చెప్పేశాను. మూడేళ్ళుగా కీళ్ళనొప్పులున్నాయి, ఎందుకో ఎవరికీ తెలియదు అని. అతను మర్యాదగానే విన్నాడు. వారం తర్వాత జాతకాలు కలవలేదని కబురొచ్చింది. అమ్మ నాతో పది రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకరాత్రి పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతూ, "పేరుంటే చెప్పుకోవచ్చమ్మీ. పేరు లేని రోగాన్ని ఏమని చెప్పుకుంటాం?" అంది.

ఆ మాట సామాన్యమైంది కాదు. పేరున్న రోగానికి సానుభూతి ఉంటుంది, సెలవు ఉంటుంది, మందు ఉంటుంది. పేరు లేని రోగానికి మిగిలేది ఆ మనిషి స్వభావం. బద్ధకస్తురాలు, సోకులాడి, మనసు బాలేనిది. పడమటి దేశాల్లోనూ ఇదే కదా. ఆడదాని ఒంట్లో తెలియని బాధలన్నిటికీ వాళ్ళు పెట్టిన 'హిస్టీరియా' అన్న పేరు గ్రీకులో గర్భసంచి నుంచి పుట్టింది. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం ఆ పేరుని వదులుకోవడానికి 1980 దాకా పట్టింది.

మన దగ్గర ఆ గ్రీకు ఆలోచన కత్తి పట్టుకుని తిరుగుతోంది. మా పెద్దమ్మకి నడుంనొప్పి, కాళ్ళపీకులు. ముప్పై రెండేళ్ళకే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు" అన్నారట. మిరపచేలో కూలిడబ్బులు, మెళ్ళో గొలుసూ పోయాయి. నొప్పులు పోలేదు. పెద్దమ్మ ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మనదే మొదటి స్థానం. ఒకవైపు 'ఏమీ లేదు' అని పంపించేయడం, ఇంకోవైపు ఉన్నదాన్ని కోసి తీసెయ్యడం. రెండింటి మధ్యా ఆడమనిషిని కూర్చోబెట్టి "ఎట్లా ఉంటుందమ్మా ఆ నొప్పి?" అని అడిగే కుర్చీ లేదు.

నాకా కుర్చీ 2011లో దొరికింది. దూరపు బంధువు ఒకాయన సలహాతో హైదరాబాదు నిమ్స్‌లో కీళ్ళజబ్బుల విభాగానికి వెళ్ళాం. తెల్లవారుజామునే వరసలో నిలబడితే మధ్యాహ్నానికి పిలుపొచ్చింది. ఆ డాక్టరమ్మ నా ఫైలు తెరవలేదు. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క కణుపూ నొక్కుతూ అడిగింది, "పొద్దున లేచాక వేళ్ళు వదులవడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

అయిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. గడియారం చూసుకోలేదెప్పుడూ. "నాన్న హోటల్లో మొదటి వాయి ఇడ్లీలు దిగి, రెండో వాయి పెట్టి, అమ్మ నాకు జడ వేసిందాకా" అన్నాను. ఆమె నవ్వలేదు. "అంటే గంట పైనే" అని రాసుకుంది. తర్వాత నోటిపుండ్లు ఉన్నాయా అంది. జుట్టు ఊడుతుందా అంది. ఎండలో మొహం కందుతుందా అంది. నా ముక్కలన్నీ ఒకరు ఏరి ఒకచోట పెడుతుంటే నేను ఏడ్చేశాను. నాన్న కంగారుపడ్డాడు. ఆమె మాత్రం "ఏడవనివ్వండి" అంది.

యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ పరీక్ష, ఇంకో నాలుగైదు పరీక్షలు అయ్యాక పేరొచ్చింది. లూపస్. లాటిన్‌లో తోడేలు అని అర్థం. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద పడుతుంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది స్త్రీలు, అదీ ఎక్కువగా పదిహేను, నలభై అయిదేళ్ళ మధ్యవాళ్ళు. వయసు పిల్లకి నొప్పులేంటి అన్న ప్రశ్నకి జవాబు ఇదన్నమాట, వయసు పిల్లలకే వచ్చే జబ్బు. ఎక్స్‌రేలో ఎముక అరిగినట్టు కనిపించకపోవడం కూడా దీని లక్షణమే. 'ఏమీ లేదు' అన్న కాగితమే నిజానికి ఒక ఆనవాలు, చదవగలిగిన వాళ్ళుంటే.

ఏకంగా నయమైపోలేదు, కాదు కూడా. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత మలేరియా మాత్ర రోజూ వేసుకుంటాను, ఏడాదికోసారి కళ్ళు చూపించుకుంటాను. 2020 మార్చిలో ఆ మాత్ర కరోనాని ఆపుతుందని గోల మొదలైంది. లాక్‌డౌన్‌లో మార్కాపురంలో షాపు షాపూ తిరిగాను. లేదు, లేదు, లేదు. ఉన్నవాళ్ళు భయంతో కొని ఇంట్లో దాచుకున్నారు. ఉన్న ఇరవై మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నాను. మూడు వారాలకి వేళ్ళు మళ్ళీ కొయ్యబారాయి. కొన్ని నెలలకే పరిశోధనలు ఆ మాత్ర కరోనాకి పనికిరాదని తేల్చాయి. మా అవసరం లెక్కకి రాకపోవడం కొత్తేమీ కాదు కాబట్టి ఎవరి మీదా కోపం రాలేదు. అలిసిపోయాను, అంతే.

ఇప్పుడు నేను స్కూల్లో టీచర్ని. బాగోలేని రోజు కుర్చీలో కూర్చుని పాఠం చెప్తాను, బోర్డు మీద పిల్లల చేత రాయిస్తాను. "చూడ్డానికి బాగానే ఉన్నారుగా" అంటారు తోటివాళ్ళు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల్ని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. మంచి పనే. లూపస్ పేరు ఆ జాబితాలో లేదు. నలభై శాతం దాటితేనే రాయితీలు. పొద్దున ఎనభై శాతం, సాయంత్రం పది శాతం ఉండే మనిషిని ఏ యంత్రం కొలుస్తుంది? పెళ్ళి చేసుకోలేదు. జబ్బు వల్లనే అని లోకం అనుకుంటుంది. కొంత నిజం, కొంత కాదు. ఆ లెక్క నాదే.

పోయిన దసరా సెలవుల్లో ఇంటికెళ్ళాను. నాన్న పోయాక హోటలు మూసేశారు. పొద్దున వంటింట్లో అమ్మ స్టవ్వు గుండ్రని మీట తిప్పడానికి రెండు చేతులూ వాడటం చూశాను. అది నాకు తెలిసిన భంగిమ. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాను. "ఏంది ఎన్నాళ్ళ నుంచి?" అంది. వదల్లేదు నేను. పక్కన కూర్చుని ఆమె వేళ్ళు పట్టుకుని ఒక్కొక్క కణుపూ నొక్కాను.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. మోకాళ్ళలో సలుపు. భుజాల్లో పోటు. పిక్కల్లో తీపులు, వాన ముసురు పడితే గుంజుడు. అరికాళ్ళలో మంట. మెడ దగ్గర ఏదో పట్టేసినట్టు. నిమ్స్‌లో నొప్పికి ఒకటి నుంచి పది దాకా మార్కులెయ్యమన్నారు నన్ను. అమ్మ దగ్గర ఒక్కో నొప్పికి ఒక్కో మాట ఉంది. ఒక నిఘంటువంత భాష ఒంట్లో పెట్టుకుని ముప్పై ఏళ్ళు పిండి రుబ్బింది. నాకోసం ఎన్నో ఆసుపత్రులు తిరిగిన ఆమెకి ఒక్కసారీ ఎక్స్‌రే తీయించలేదు మేము. నా నొప్పిని ఎవరూ నమ్మలేదని ఇన్నేళ్ళు బాధపడ్డాను. పక్కనే కూర్చుని నా జడ వేసిన చేతుల్ని నేనూ ఒక్కసారి అడగలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఎవరడిగారమ్మీ?" అంది.

వచ్చే నెల అమ్మని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఆమె చెప్పిన మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, ఆమె చెప్పినవి చెప్పినట్టుగానే. ఆ గదిలోకి వెళ్ళాక అమ్మ మళ్ళీ "నాకేం లేదు" అంటుందని నాకు తెలుసు.