పక్షవాతం – అభ్యాసయోగం

వేదాంత గోష్ఠులలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: దేహం నేను కాదు. ఆరోగ్యవంతుని నోట ఆ మాట తేలికగానే వెలువడుతుంది. చేయి చెప్పినట్లు కదులుతున్నంతకాలం దానితో తన తాదాత్మ్యం ఎంత గాఢమైనదో మనిషికి తెలియదు. ఒక ఉదయం లేవాలన్న సంకల్పం కలిగి, చేయి మాత్రం పరాయి వస్తువువలె శయ్యపైననే పడి ఉన్ననాడు ఆ బంధం లోతు బయటపడుతుంది. అందుచేత పక్షవాతం కేవలం వైద్యశాస్త్ర విషయం కాదు. సాధకునికి అది తత్త్వపరీక్ష కూడా.

ఈ వ్యాధి మన పూర్వులకు కొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని 28వ అధ్యాయం వాతవ్యాధులను వివరిస్తూ దేహంలో ఒక పార్శ్వం చేష్టారహితం కావడాన్ని పేర్కొన్నది. ఆధునిక వైద్యం దాని మూలాన్ని మస్తిష్కంలో చూపుతున్నది. మెదడులోని రక్తనాళం పూడుకుపోవడం వలన గాని, చిట్లడం వలన గాని ఆ భాగంలోని నాడీకణాలు నశిస్తాయి. పెద్ద నాళం పూడుకున్నప్పుడు, చికిత్స అందని ప్రతి నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం కనిపించిన క్షణమే ఆసుపత్రికి చేర్చాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. దిష్టి తీయడానికో, ముహూర్తం చూడటానికో అక్కడ వ్యవధి లేదు.

ప్రాణాపాయం తప్పిన తరువాత అసలు తపస్సు ఆరంభమవుతుంది.

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడున్నారు. దశాబ్దాలపాటు ఉపనిషత్తులు పాఠం చెప్పినవారు. ఆయనకు కుడిచేయి, కుడికాలు పట్టు తప్పాయి. వాక్కు మిగిలింది. ఇంటికి వచ్చి వ్యాయామం చేయించబోయిన ఫిజియోథెరపిస్టుతో ఆయన, “ఇది ప్రారబ్ధం, అమ్మా. అనుభవించి తీరవలసిందే. ఈ కట్టెకు ఇంక కసరత్తులెందుకు?” అన్నారు. ఆ అమ్మాయి వేదాంతం చదివినది కాదు. “జరిగిపోయిన దెబ్బ ప్రారబ్ధమే కావచ్చు మాస్టారూ. ఈ రోజు గ్లాసు పట్టుకోవడానికి ప్రయత్నించకపోవడం కూడా ప్రారబ్ధమేనంటారా?” అని అడిగింది.

ఆయన మౌనం వహించారు. యోగవాసిష్ఠం ముముక్షు వ్యవహార ప్రకరణంలో వసిష్ఠుడు రామునికి పురుషకారాన్ని గురించి బోధించిన సారమంతా ఆ ప్రశ్నలో ఉన్నదని ఆయనకు వేరే చెప్పనక్కరలేదు. ఎన్నోసార్లు ఆయనే చెప్పిన పాఠమది. తన నిరాకరణను వైరాగ్యమనుకున్నారు. తరచి చూస్తే అది లజ్జ. ఒకనాటి శిష్యుల ఎదుట చేయి వణకడం, నీళ్లు ఒలకడం ఆయనకు దుర్భరం. అందుకే అన్ని పనులూ ఎడమచేతికి అప్పగించారు. జపమాల కూడా ఆ చేతికే చేరింది. దేహాభిమానం నశించినవానికి దేహం వణికితే సిగ్గెందుకు?

ఈ సిగ్గుకు శరీరం చెల్లించే మూల్యాన్ని ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు విశదీకరించారు. బలహీనమైన చేయి తొలినాళ్లలో పదే పదే విఫలమవుతుంది. ఆ వైఫల్యం వలన మనస్సు దానిని వాడకపోవడాన్నే నేర్చుకుంటుంది. తరువాత కొంత శక్తి తిరిగి వచ్చినా ఆ సంస్కారం చేతిని కదలనివ్వదు. దీనికి ప్రతిక్రియగా మంచి చేతికి తొడుగు వేసి, బలహీన హస్తంతోనే పనులు చేయించే పద్ధతి ఏర్పడింది. 2006లో వెలువడిన ఎక్సైట్ అనే పరిశోధనలో 222 మందిలో కొందరికి రెండు వారాలపాటు ఈ సాధన చేయించగా, కలిగిన మేలు ఏడాది పాటు నిలిచింది. వేళ్లూ మణికట్టూ కొంతైనా కదిలేవారికే ఇది వర్తిస్తుంది. ఒక సంస్కారాన్ని మరొక సంస్కారంతో జయించాలన్న యోగశాస్త్ర సూత్రం ఇక్కడ నాడీమండలంలోనే ప్రత్యక్షమవుతున్నది.

అయితే అభ్యాసమంటే మొండితనం కాదు. 2015లో ప్రకటితమైన అవర్ట్ పరిశోధన రెండు వేలకు పైబడిన రోగులను పరిశీలించింది. మొదటి 24 గంటలలోనే లేపి, అధికంగా కదిలించడం వలన మేలు తగ్గినదని అది తేల్చింది. అతిగా భుజించేవానికీ అసలు భుజించనివానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయం చెప్పిన మితత్వం ఇక్కడా ప్రమాణమే. ఎప్పుడు, ఎంత అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే. మొదటిది స్మృతి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో గుర్తుంచుకోవడం. ఏకాదశి ఉపవాసమని రక్తపోటు మాత్ర తమంతట తాము మానివేసేవారు ఈ గుణాన్ని ప్రత్యేకంగా స్మరించాలి. పక్షవాతానికి అధిక రక్తపోటే అన్నిటికన్నా పెద్ద కారణం. రెండవది నిర్దేశకారిత్వం, అనగా చెప్పినట్లు చేయడం. మూడవది అభీరుత్వం. పడిపోతానన్న భయం నడకను పడిపోవడం కంటె ముందే ఆపివేస్తుంది. నాలుగవది జ్ఞాపకత్వం. తెలుగులో మనం వాడే జ్ఞాపకం కాదది. తన బాధను వైద్యునికి తెలియజేయగలగడం. ఈ వ్యాధి పాలైనవారిలో సుమారు మూడవవంతు మందిని విషాదం ఆవహిస్తుంది. దానిని వైరాగ్యమని పేరు మార్చి దాచుకుంటే చికిత్స అందదు. అర్జునుడు తన విషాదాన్ని నోరు తెరచి చెప్పుకున్నందువల్లనే గీత వెలసినది.

పరిచారకునికి కావలసినవి ఉపచార జ్ఞానం, దక్షత, అనురాగం, శౌచం. మాస్టారి ఇంట అనురాగానికి కొదవ లేదు; కొరవడినది జ్ఞానం. ఆయన ధర్మపత్ని మంచం మీద నుండి లేపేటప్పుడు పడిపోయిన చేతినే పట్టి లాగేవారు. పట్టు సడలిన భుజసంధి అందువలన మరింత జారి నొప్పి చేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బలహీన పార్శ్వాన నిలబడి, నడుము వద్ద ఆధారమివ్వడం ఆమె తరువాత నేర్చుకున్నారు. అట్లే, మింగే శక్తిని పరీక్షించకముందు రోగి నోట తీర్థం పోయడం కూడా అపాయమే. అది ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు. నుదుట అద్దినా భగవంతుడు స్వీకరిస్తాడు.

ఇంటివారికి నేర్పితే చాలునా? భారతదేశంలోనే 14 ఆసుపత్రులలో 1250 మందితో జరిగి 2017లో వెలువడిన అటెండ్ పరిశోధన ఈ ప్రశ్నను సూటిగా అడిగింది. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ, మామూలు చికిత్స పొందిన వర్గంలోనూ ఆరు నెలలకు మరణించినవారు లేక పరాధీనులైనవారు 47 శాతమే. ఈ ఫలితం నిరుత్సాహకరమే గాని సత్యం. ఒకసారి వినిన బోధ చాలదు. శ్రవణం తరువాత మననం, నిదిధ్యాసనం ఎట్లు అవసరమో, ఇక్కడ కూడా నిపుణుల తోడు, దినదినాభ్యాసం అట్లే అవసరం. పతంజలి అభ్యాసం దృఢం కావడానికి చెప్పిన దీర్ఘకాలం, నైరంతర్యం, ఆదరం అనే మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా నేల గట్టిపడదు.

మాస్టారు మరునాటి నుండి గ్లాసు పట్టుకోవడం ఆరంభించారు. తొలుత ఖాళీ గ్లాసు, తరువాత పావు వంతు నీళ్లు. కుర్చీ నుండి లేచి కూర్చోవడం ఉదయం పదిమార్లు, సాయంత్రం పదిమార్లు. ఎనిమిది నెలలకు కర్ర సాయంతో వీథి చివరి వరకు నడుస్తున్నారు. కుడిచేతి వేళ్లు పూర్తిగా విచ్చుకోవు. బహుశా ఇక విచ్చుకోకపోవచ్చు. జపమాల మాత్రం ఆ చేతికి తిరిగి వచ్చింది. ఇరవై ఏడు పూసలు దాటేసరికి అలసట వస్తుంది, అంతటితో ఆపుతారు. నీళ్లు ఒలికితే ఇప్పుడు చుట్టూ చూడరు.

నష్టపోయిన నాడీకణాలు సాధారణంగా తిరిగి మొలకెత్తవు. మిగిలినవి కొత్త మార్గాలు ఏర్పరచుకుంటాయి. ఆ మార్గాలు ఎంతవరకు సాగుతాయో అభ్యాసి చేతిలో లేదు. ఈ పూట పదిమార్లు లేచి కూర్చోవడం మాత్రం అతని చేతిలో ఉన్నది. కర్మయందు అధికారం, ఫలమందు అనాసక్తి అన్న బోధకు ఇంతకంటె స్పష్టమైన పాఠశాల మరొకటి ఉండదు. దేహం నేను కాదన్న జ్ఞానం దేహాన్ని నిర్లక్ష్యం చేయమనదు. యజమాని తాను ఇల్లు కాడని ఎరిగినవాడే. అయినా గోడ కూలితే ఇటుక మీద ఇటుక పేర్చి నిలబెట్టుకుంటాడు.